తుమ్ము రాని గోదాములు

పొద్దుగాల ఆరింటికి
నాలా మీద పరిచిన బండల మీంచి నడుస్తుంటే
హమాలీ ఓదెలు అడిగిండు:
"జపాన్‌ల గుడ ఇసొంటి గల్లీలున్నయా, గుమస్తా?"
ఉన్నయి ఓదెలూ.
చాయ్ తాపిస్తే చెప్త.

నీలకంఠం సేఠ్ చపాటా మిర్చి నమూనాలిచ్చి
నన్ను తోలిండు గదా,
రంగు కొనేటోళ్ల దగ్గరికి.
కారం వద్దట వాళ్లకు, ఎరుపు ఒక్కటే కావాలట.
మూడు దినాలు గాజుబల్లల ముందు కూసున్న.
నాలుగో దినం ఖాళీ.
హిసాకో అని, నా తీర్గనే లెక్కలు రాసే మనిషి,
రైలెక్కించి ఒక పాత షావుకార్ల వాడకు తీస్కపోయింది.

నడుమ కాలువ.
ఆకులు నీళ్లకు ఆనేటట్టు ఒంగిన చెట్లు.
అటూ ఇటూ గోదాములు,
పైన తెల్ల సున్నం, కింద నల్ల పలకలు,
పలకల సందుల సున్నం ఉబ్బి ఉంది
మా అమ్మ బొంతకేసిన కుట్టు లెక్క.
నీళ్లలకు దిగే రాతిమెట్లు.
ప్రతి మెట్టుకూ నడుమ ఇంత పల్లం.
చూడంగనే ఎరుకైంది నాకు,
వాన తొలిచింది కాదది,
బస్తా మోసిన కాలు తొలిచింది.
మన మూడో నెంబర్ గోదాం గడప తీరు.

ఒక పడవ వచ్చింది.
అండ్ల బియ్యం లేవు, పత్తి లేదు.
పెండ్లి బట్టలల్ల ఒక జంట
గొడుగు కింద కూసొని ఫోటో దిగుతున్నరు.

ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకొని
గోదాం లోపలికి పోయిన.
అలవాటు గదా.
హిసాకో చూసి నవ్వింది.
వాసన లేదు.
దుమ్ము లేదు.
ఒకదాంట్ల గాజు గిన్నెలు, ఒకదాంట్ల నీలి బట్ట,
ఇంకోదాంట్ల బియ్యప్పిండి మిఠాయి.
ఎనిమిది గోదాములు తిరిగిన ఓదెలూ,
ఒక్క తుమ్ము రాలే.

ఆఖరు దాంట్ల, అడ్డం కట్టిన తాడుకు అవతల,
తూకపు కోల.
నా నాయిన దడువాయి, నీకెరుకే.
నలభై ఏండ్లు ఇదే బజార్ల
"లాభం... రెండు... మూడు..." అని
రాగం తీసుకుంట తూచిన గొంతు.
నా చెయ్యి దానంతటదే తాడు దాటింది.
కావలి ముసలాయన ఉరికొచ్చిండు.
కోపం జేయలే.
నా వేళ్లనే చూసిండు,
బొటనవేలు కోలకు తాకకుండ
ఎట్ల లేపిన్నో, అది.
అటెన్క అటూ ఇటూ చూసి
తన బొటనవేలు మెల్లగ కోల మీద ఆనిచ్చి
కన్ను గీటిండు.
ఇద్దరం ఒకటే నవ్వుడు.
పాపం, హిసాకోకు సమజ్ కాలే.
తక్కువ తూకానికి తర్జుమా ఎవరు చేస్తరు?

చాయ్ మీద మీగడ కట్టింది.
బండల కింద నీళ్ల చప్పుడు.
ఈ నాలా కండ్లకు కనిపించే రోజుల్ల
నేను దీంట్ల కాయితం పడవలు ఇడిచిన,
పాత చిట్టా చింపి, అప్పుల పేజీలే ఏరుకొని.
అటెన్క బండలు పరిచిండ్రు,
బండల మీద మడిగెలు లేపిండ్రు,
నీళ్లను అందరం మర్చిపోయినం.

నిరుటి ముసురుకు గుర్తున్నదా,
రాత్రికి రాత్రి రెండు బండలు లేచినయి.
మూడో నెంబర్‌ల నీళ్లు సొచ్చి మిర్చి తేలింది.
తెల్లారేసరికి
గల్లీ పొడుగున ఎర్రటి కాలువ.
సేఠ్ తలకాయ పట్టుకొని అరుగు మీద కూలబడ్డడు.
నువ్వు మోకాటి లోతుల బస్తాలు గుంజుతున్నవ్.
నేను, ఎవలకూ చెప్పకు,
జరసేపు ఉత్తగనే నిలబడ్డ.
పడవ ఒక్కటే తక్కువ అనిపించింది.

ఓదెలు ఏం అనలే.
గ్లాసు కడిగి బోర్లించిండు.

షట్టర్ లేచింది.
రాత్రంతా మగ్గిన ఘాటు ఒక్కపారి మీద పడ్డది.
ఓదెలు తుమ్మిండు.
"ఒంటితుమ్ము, ఆగుండ్రి!"
రాలిన కాయలు ఊడ్చే మొగిలమ్మ చీపురు ఆపింది.
ఎంతోసేపు ఆగే పని పడలే.
నాకూ వచ్చింది.
"లాభం... రెండు..."
లెక్కబెట్టి, నెత్తికి రుమాలు చుట్టుకొని
బస్తా కిందికి ఒంగిండు ఓదెలు.